ఊరంతా పొలిమేర దాటిన ఆదివారం

మొన్న శనివారం మా మనవరాలు కోచింగ్ హాస్టల్ నుంచి అనంతపురంలోని మా ఇంటికి వచ్చింది. సోమవారం పరీక్ష. ఈ రెండు రోజులూ కంటినిండా నిద్రపోయి, మిగిలిన పాఠాలు చదువుకుంటానని చెప్పిన పిల్ల, నిద్రా పోలేదు, చదువూ చదవలేదు. పుస్తకం తెరవడం, ఫోను చూడడం, మంచం మారడం, మళ్ళీ ఫోను చూడడం, ఇదే వరస. ఆదివారం మధ్యాహ్నం ఎప్పుడో సోఫా మీద ఒరిగి కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, ఇంట్లో సద్దు లేకపోయేసరికి "అవ్వా, అందరూ యాడికి పోయినారు?" అని కేక పెట్టింది. వాళ్ళ అమ్మా నాన్నా అంగడికి పోయారు, అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ కేక నేను ఎరిగినదే. సరిగ్గా ఆ ఈడులో, అలాంటి ఆదివారమే, నేనూ ఆ కేకే పెట్టాను. జవాబు చెప్పడానికి మా ఊళ్ళో ఒక్క ప్రాణి లేదు.

అప్పుడు నేను అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఆ ఏడు పరీక్షలు వెనక్కి జరిగి జరిగి ముంగారు, అంటే తొలకరి, వానల వేళకు వచ్చాయి. హాస్టల్లో నల్లుల ధర్మమా అని నిద్ర లేదు. ఇంటికి పోతే అమ్మ చేతి ముద్ద తిని, హాయిగా పడుకుని చదువుకోవచ్చని శనివారం బస్సెక్కాను. ఇంటికి చేరితే ఏముంది! ఈతరం పిల్లలకు ఫోను ఉందని తిడతాం గానీ, మాకు ఊరే ఫోను. చిన్నాయన కూతురు వచ్చి కొత్త రవిక చూడమంటుంది, పక్కింట్లో రేడియో గోల పెడుతుంది, ఎదురింటి గేదె ఈనుతుంది. పుస్తకం ఒళ్ళో ఉంది, మనసు మాత్రం ఊరంతా తిరిగొచ్చింది. చదవలేదన్న దిగులుతో ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లవారకముందే పుస్తకం పట్టుకుని, ఎవరి కంటా పడకుండా విత్తనపు కాయల గదిలోకి దూరాను. గోడ వారగా పేర్చిన వేరుశనగ మూటల వెనక చల్లగా ఉంది. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నట్టు, ఆ గోనెల మీదే ఒళ్ళు మరిచి నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. అమ్మను పిలిచాను, పలకలేదు. వంటింట్లో పొయ్యి నీళ్ళు చల్లినట్టు నల్లగా, తడిగా ఉంది. కొట్టంలో గాటిపట్టున ఎద్దులు లేవు, గంప కింద కోళ్ళు లేవు. వీధిలోకి వచ్చి "అందరూ యాడికి పోయినారు?" అని అరిచాను. ఏ ఇంటి ముందరా మనిషి లేడు, ఆఖరికి ఊరకుక్క కూడా లేదు. నా అరుపు గోడలకు తగిలి నాకే వినపడింది. ఊరి మొగదలకు పరుగెత్తితే, దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. అది చూశాక గానీ నాకు అర్థం కాలేదు, ఊరు వదిలేశారని.

ఊరు వదలడం మా వైపు పాత ఆచారం. వానలు మొహం చాటేసిన ఏడు, పెద్దలు ఒక రోజు అనుకుని, ఊళ్ళో పొయ్యిలన్నీ ఆర్పి, గొడ్డూ గోదాతో, మంచాన పడ్డ ముసలివాళ్ళతో సహా పొలిమేర దాటి, అక్కడే వండుకు తిని పొద్దు వాలాక తిరిగి వస్తారు. అంతవరకు ఊళ్ళో నరమానవుడు ఉండకూడదు. ఉంటే వాన రాదు. గడప దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు, పేరు పెట్టి ఎవరినీ పిలవకూడదు. నేను చిన్నాయన వాళ్ళ బండిలో ముందే పోయానని అమ్మ అనుకుంది. నేను మా అమ్మతో వస్తానని చిన్నాయన కూతురు అనుకుంది. ఊరు వదిలే సంగతి ఎవరో ఒకరు నాకు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు.

కంపకు అవతల కాపలా ఉన్న తలారి నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు కొయ్యబారిపోయాడు. వాడి కేకకు చేనులో వంటలు చేసుకుంటున్న ఊరంతా లేచి నిలబడింది. నాయన కంప దాకా పరుగెత్తుకొచ్చాడు. పెదనాయన మాత్రం తల పట్టుకుని, "అంతా పాయె కదప్పా! ఊర్లో మనిషి ఉండాది, ఇంగ వాన యాడ వస్తాది?" అని కూలబడ్డాడు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండునని అనిపించింది. అప్పుడు వేపచెట్టు నీడ నుంచి మా జేజి, అంటే నాయనమ్మ, ఊళ్ళో అందరికంటే పెద్దది, కట్టె పొడుచుకుంటూ వచ్చింది. "పాప నిద్రపోయింది గదరా. నిద్రపోయినోళ్ళు యా ఊర్లో ఉన్నట్ల? కంప తీయండి, దానికి ఇంత సంగటి పెట్టండి" అంది. తలారి కంప తీశాడు.

ఆ ఏడు వాన రాలేదు. నాలుగు చినుకులకు విత్తనం వేశారు, కాయ కట్టే ఊడలు దిగే వేళకు నేల బండబారింది. నేను నిద్రపోయిన మూటల్లోని విత్తనమంతా మట్టిపాలైంది. పరీక్ష ఎలాగో గట్టెక్కాను గానీ, ఇంటికి పోవాలంటే భయం. ఎప్పుడు ఎవరు వేలెత్తి చూపుతారోనని నలుగురున్న చోటికి పోయేదాన్ని కాదు. ఒకనాడు పెదనాయన హాస్టల్ కు వచ్చాడన్నారు. ఇక అయిపోయింది అనుకుంటూ గేటు దగ్గరికి పోయాను. ఎండిన చేనులో ఏరి వేయించిన కాయలు కండువా కొంగున మూట గట్టి తెచ్చాడు. నా చేతిలో పోసి, "ఏం పాపా, ఈడ నిద్ర బాగా పడతాందా?" అని అడిగి, బస్సుకు వెళ్ళిపోయాడు. వాన మాట ఎత్తలేదు. బతికినన్నాళ్ళూ ఎత్తలేదు. ఊళ్ళో మరెవరూ ఎత్తలేదు. ఆ ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ ఆచారం లేదు. ఊరు వదిలేవాళ్ళు బెంగుళూరు బస్సెక్కుతున్నారు, పొద్దు వాలాక తిరిగి రావడం లేదు. ఇక్కడ మనవరాలి ఫోను మోగుతూనే ఉంది. పోయిన పరీక్షలో ర్యాంకు తగ్గిందట. కోచింగ్ వాళ్ళు ఫోన్లో పెట్టిన ఆ ర్యాంకు చూసి, చుట్టాలంతా ఎందుకు తగ్గిందని అడుగుతున్నారు. వాళ్ళలో ఒక్కరి చేనూ ఎండలేదు. పంటంతా పోగొట్టుకున్న ఊరు నన్ను అడిగిన ఆ ఒక్క మాట అడగడానికి మాత్రం వీళ్ళలో ఎవరికీ నోరు రాలేదు. నాకూ రెండు రోజులుగా తోచలేదు సుమా, పుస్తకం తీయమనే సతాయించాను. ఫోను తీసి దిండు కింద పెట్టి, పిల్ల తల నిమిరి అడిగాను, నిద్ర పట్టిందా అమ్మా అని. అది నా ఒళ్ళో ముఖం దాచుకుని ఏడ్చింది.