లాంచి మేడ మీద స్పెషల్ భోజనం

సూపు మీద మీగడలాంటి పొర కట్టడం చూసిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది. ఐదు పింగాణీ గిన్నెలు మా ముందు వరసగా ఉన్నాయి. మా ఐదుగురిలో ఒక్కరం కూడా చెంచా ముట్టుకోలేదు. గది చివర తెల్లకోటు వేసుకున్న వడ్డనాయన చేతులు వెనక్కి కట్టుకుని మావైపే చూస్తున్నాడు. మేం ఆయనవైపు చూస్తున్నాం. కింద ఇంజను దడదడలాడుతోంది. కిటికీ అవతల సాగర్ నీళ్లు ఎండకు మెరుస్తూ వెనక్కి పోతున్నాయి. ఈ భోజనం మీద నేను పెట్టుకున్న ఆశంతా ఆ గిన్నెల్లోనే చల్లారిపోతుందేమో అనిపించింది.

ఆ ఆశ ఏమిటో చెప్పాలి. మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. ఆ వానాకాలం టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరం పోయింది గాని ఆకలి తిరిగి రాలేదు. నోట్లో ముద్ద పెడితే బుగ్గన దాచుకుని అలాగే ఆడుకునేది. పడుకోబెట్టేటప్పుడు చూస్తే పొద్దుటి ఇడ్లీ ముక్క అక్కడే ఉండేది. నరసరావుపేటలో మేం చూపించుకునే డాక్టరుగారు "మందుల పని అయిపోయిందమ్మా, ఇక తిండే మందు" అని పంపేశారు. అనడం ఆయనకు తేలికే. నేను బి.ఎస్సీ. చదివాను. ఏ పప్పులో ఎంత బలముందో అప్పజెప్పగలను. ఆ చదువు పాప నోరు తెరిపించలేకపోయింది. జావ, మెత్తటి మజ్జిగన్నం, కారం తగలని పప్పుకట్టు గిన్నెలో పట్టుకుని దాని వెంట పెరడంతా తిరిగేదాన్ని. పక్కింటి పిన్నిగారు గోడ మీదనుంచి "ఇయ్యాల ఎన్నయినయ్?" అని అడిగేది, క్రికెట్ స్కోరు అడిగినట్టు. నేను ముద్దల లెక్క చెప్పేదాన్ని. ఎక్కువ రోజులు రెండంకెలకు చేరేవి కావు.

ఆ రోజుల్లోనే ఒక వారపత్రికలో విదేశీ ఓడల గురించి చదివాను. ఊరంత ఓడలట. టికెట్టులోనే మూడు పూటలా భోజనం ఉంటుందట. అయినా అదే ఓడలో వేరే హోటళ్లు ఉంటాయట, అక్కడ తినాలంటే మళ్లీ డబ్బు కట్టాలట. ఉచితంగా దొరికే తిండి వదిలి డబ్బిచ్చి తినేవాళ్లెవరబ్బా అని నవ్వుకున్నాను. తర్వాత నెల తిరక్కుండా ఆ పని నేనే చేశాను.

మా అత్తగారు నూజెండ్ల దగ్గర పల్లెనుంచి మా ఇంటికి వచ్చినప్పుడు, సాగర్ చూపిస్తామని బయల్దేరదీశాం. మాచర్ల వరకు ఒక బస్సు, అక్కడినుంచి రేవుకు ఇంకొకటి. రేవులో ఒక కాంట్రాక్టరు కొత్తగా దింపిన రెండంతస్తుల లాంచి ఉంది. నీళ్లలో చాలాసేపు తిప్పి, కొండ దగ్గర దింపి, సాయంత్రానికి తీసుకొస్తుంది. టికెట్టుకు పులిహోర పొట్లం, పెరుగన్నం పొట్లం ఇస్తారు. పై అంతస్తులో అద్దాల గది, పేము కుర్చీలు, బల్లల మీద తెల్లగుడ్డలు. అక్కడ స్పెషల్ భోజనం. దానికి వేరే టికెట్టు.

"టికెట్లో భోజనం ఉండంగా మళ్లీ పైన భోజనమేంది?" అన్నారు మా ఆయన. "కింద తిని పైకెక్కి మళ్లీ తినాల్నా?"

"ఏమే, కింద పెట్టేదీ అన్నమే, పైన పెట్టేదీ అన్నమేగా? మెట్లెక్కినందుకు డబ్బులా?" అన్నారు అత్తగారు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ పాప ఆ అద్దాల గదివైపు తలెత్తి చూడడం నేను చూశాను. అక్కడ రంగురంగుల గ్లాసులున్నాయి, కొత్త వంటలున్నాయి. ఏదో ఒకటి దాని నోటికి నచ్చకపోతుందా అనుకున్నాను. ఒక్క పూట కడుపునిండా తింటే చాలు, ఆ తర్వాత దారిలో పడుతుందని నా నమ్మకం. "నా పుట్టినరోజుకు చీర వద్దు, ఇది చాలు" అన్నాను. మా ఆయన జేబులోంచి పర్సు తీశారు.

అలా పైకి చేరాం. వడ్డనాయన ముందుగా సూపు తెచ్చాడు. టమాటా సూపు, ఎర్రగా, పైన కొత్తిమీర వేసి.

మా బాబు చెంచా ఎత్తబోయాడు. అత్తగారు ఆపేశారు. "ఒరేయ్, ఆగరా! చారు ముందే తాగితే అన్నంలోకి ఏం కలుపుకుంటావ్?"

మావైపు బంతి భోజనాల్లో పద్ధతి అదే. ఆకులో అన్నీ వడ్డించాలి. పప్పు, కూర, పచ్చడి, చివర నెయ్యి. వరసలో పెద్దవాళ్లు మొదటి ముద్ద కలిపాకే మిగిలినవాళ్లు చెయ్యి పెట్టాలి. సూపు ముందు తాగేదని నేను కథల్లో చదివాను. కానీ అక్కడ కూర్చున్నాక నాకూ అనుమానం వచ్చింది. ఒకవేళ అన్నం వెనకాలే వస్తుందేమో? పైగా అత్తగారికి తెలియదని ఆ తెల్లకోటు ముందు తేల్చాలా? ఊరుకున్నాను. మా ఆయన కూడా ఊరుకున్నారు. మేం అన్నం కోసం ఆగాం. వడ్డనాయన మా గిన్నెలు ఖాళీ అయితే అన్నం తెద్దామని ఆగాడు. పొర కట్టింది.

చివరికి అత్తగారే గొంతెత్తారు. "ఏందయ్యా, చానాసేపైంది. బియ్యం ఇప్పుడు కడుగుతున్నారా?"

వడ్డనాయన పరుగున వచ్చాడు. "సూపు తాగితే తెస్తానమ్మగారూ."

"నువ్వు తెస్తే తాగుతాంగా!"

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వాగలేదు. నవ్వుతూనే పాపవైపు తిరిగాను.

పాప కుర్చీ ఖాళీగా ఉంది.

చుట్టూ నీళ్లు. మెట్లు ఇనుపవి, నిటారుగా ఉన్నాయి. కింద అంచుకు కట్టిన కమ్మీల మధ్య సందుల్లోంచి నాలుగేళ్ల పిల్ల, అందులోనూ చిక్కిపోయిన పిల్ల, తేలిగ్గా దూరిపోగలదు. ఎక్కేటప్పుడే ఆ సందులు చూసి పెట్టుకున్నాను, ఎక్కడికి వెళ్లినా నేను ముందు చూసేది అలాంటివే. ఎలా లేచానో, మెట్లు ఎలా దిగానో తెలియదు. చెప్పులు పైనే ఉండిపోయాయి.

కింద జనం గుంపులు గుంపులుగా చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఇంజను గది పక్కనుంచి నాకు తెలిసిన గొంతు వినిపించింది.

"ఇప్పుడు నువ్వు తిను. తర్వాత నాకు."

ఒక ముస్లిం కుటుంబం గుండ్రంగా కూర్చుని ఉంది. మధ్యలో పెద్ద స్టీలు పళ్లెం, అందులో అన్నం, ఎర్రటి దాల్చా పప్పు. అందరి చేతులూ ఆ ఒక్క పళ్లెంలోనే ఉన్నాయి. మా పాప ఆ ఇల్లాలి మోకాలికి ఆనుకుని కూర్చుంది. ఆవిడ ఒక ముద్ద తాను తిని, ఒకటి పాప నోట్లో పెడుతోంది. పాప ముక్కు కారుతోంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, చెంపలు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం ఆడుతోంది. బుగ్గన ఏమీ లేదు.

నేను అక్కడే కూలబడ్డాను. నన్ను చూసి ఆవిడ చెయ్యి ఆపేసింది. "నీ బిడ్డా అక్కా? మెట్ల మీద కూచుని మావైపే చూస్తంటే, తింటావా అన్నా. ఎవరి పిల్లో అడక్కుండా పెట్టేశా, ఏమనుకోమాక."

"కారం..." అన్నాను. అంతకంటే తెలివైన మాట నోటికి రాలేదు.

"కారమేగా, మనవైపు పిల్లేగా!" అని నవ్వాడు ఆవిడ భర్త. మాచర్లలో ఆయిలింజన్లు బాగుచేస్తాడట. ఇంజను చప్పుడుకు అలవాటుపడ్డ గొంతు, అరిచినట్టే మాట్లాడతాడు.

"నీ కూతురు గట్టిదక్కా" అంది ఆవిడ. "ముద్ద పెడతాంటే నోరు తెరవదు. ‘ముందు నువ్వు తిను’ అంటది నన్ను. ఎందుకే అంటే, ‘మా అమ్మ తినదు, పెడతది అంతే’ అంటది!"

చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ మాట నాలో దిగిపోయింది. నిజమే. నేను తింటుండగా పాప ఎప్పుడు చూసింది? అందరికీ పెట్టి, గిన్నెలు సర్ది, వంటింట్లో ఒక మూల నిలబడి మిగిలింది నోట్లో వేసుకుంటాను. దానికి తెలిసినంతలో అన్నం అంటే అమ్మ గిన్నె పట్టుకుని వెంటపడే వస్తువు. అమ్మే తినని దాన్ని అదెందుకు తింటుంది?

"కూచో అక్కా, నువ్వూ తిను" అంది ఆవిడ. నేను మొహమాటపడుతుంటే, పాప తన ఎర్రటి వేళ్లతో నాలుగు మెతుకులు ఎత్తి నా నోటి దగ్గర పెట్టింది. తిన్నాను. మంట చెవుల్లోకి ఎక్కింది. ఎన్ని నెలలయిందో నేను వేడి అన్నం కూర్చుని తిని.

ఇంతలో మా అత్తగారు మెట్లు దిగి వచ్చారు. వెనకాల బాబును పట్టుకుని మా ఆయన, ఇంకో చేతిలో నా చెప్పులు. అత్తగారు పళ్లేన్ని చూశారు, పాపను చూశారు, నన్ను చూశారు. ఏమంటారోనని నేను లేవబోయాను. ఆవిడ వంగి వాసన చూసి, "పప్పులో ఏందేశావమ్మా ఇంత కమ్మగా?" అన్నారు.

"సొరకాయ, చింతపండు, పొట్టేలు ఎముక పెద్దమ్మా."

"మేడ మీద చారుకు వాసనే లేదు" అన్నారు అత్తగారు, ఒకళ్లకొకళ్లు ఎప్పటినుంచో తెలిసినట్టు. తర్వాత మా ఆయనవైపు తిరిగి, "పోరా, పైన మనకు రావాల్సినయ్యన్నీ ఒక్కసారే పెట్టి ఇమ్మను. ఇక్కడికే తీసుకురా" అన్నారు.

వడ్డనాయన కాసేపు రూలు మాట్లాడాడట. చివరికి తానే ఒక పళ్లెం పట్టుకుని మా ఆయన వెనకాల దిగాడు. బటాణీల పలావు, చేప వేపుడు, కస్టర్డు అన్నీ ఒకేసారి చాప మీదికి చేరాయి. చేప వేపుడు మాత్రం చెప్పుకోదగ్గది. మాచర్లవాళ్ల పిల్లలు కస్టర్డు గిన్నెలు నాకేశారు. మా బాబు వాళ్ల పళ్లెంలో చెయ్యి పెట్టి, మణికట్టు దాకా ముంచాడు. కొండ రేవు దగ్గర లాంచి కూత వేసేసరికి పాప ఆవిడ ఒళ్లోనే నిద్రపోయింది, పొట్ట ముందుకు పొడుచుకొచ్చి.

ఆ అదనపు డబ్బు దండగేనా అని మా ఆయన తిరుగు బస్సులో అడిగారు. తిండి మట్టుకు చూస్తే దండగేనన్నాను. సూపు చల్లారింది, పలావు చప్పగా ఉంది. కానీ అత్తగారు పేము కుర్చీలో కూర్చుని అద్దంలోంచి నీళ్లు చూసిన సంగతి ఈ రోజుకీ తమ ఊళ్లో చెబుతూనే ఉన్నారు. సూపు సంగతి చెప్పేటప్పుడు తప్పు మాత్రం ఎప్పుడూ వడ్డనాయనదే. పైకి వెళ్లకపోతే పాప విసుగెత్తి కిందికి దిగేదీ కాదు. ఓడల్లో డబ్బిచ్చి తినేవాళ్లను చూసి ఇక నేను నవ్వను. వాళ్లు ఏం వెతుక్కుంటూ వెళ్తారో మనకేం తెలుసు.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. వాళ్ల ఊపిరి వినిపిస్తోంది, ఒకటికి రెండుసార్లు లేచి చూసొచ్చాను కూడా. ఆ అలవాటు పోలేదు. పోయిన అలవాటు ఇంకొకటుంది.

సాగర్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున నేను గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లలేదు. పక్కింటి పిన్నిగారు గోడ దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది. వంటింట్లో పీట వాల్చుకుని, పెద్ద పళ్లెంలో వేడి అన్నం, కందిపొడి, నెయ్యి వేసుకుని కూర్చున్నాను. పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి వింతగా చూశారు.

"నాకు చానా ఆకలిగా ఉంది" అన్నాను వాళ్లతో. "మీరు తిన్నా తినకపోయినా నేను తింటున్నా. కావాలంటే చేతులు కడుక్కుని వచ్చి కూర్చోండి. ఆలస్యమైతే నేనే మొత్తం తినేస్తా."