గరిటె మిగిలిన ఫొటో

రేకు పెట్టె మూత తీయగానే ముందు నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది, దాని వెనకే పాతబడిన తాలింపు వాసన. కాగితాలకు తాలింపు వాసనేమిటని మా ఆవిడ ముక్కు చిట్లించింది. దోహాలో ఏళ్ళ తరబడి వంటింటి అలమారలో, బియ్యం బస్తా పక్కన బతికిన కాగితాలవి. మా విశ్వవిద్యాలయం నాలుగో హాస్టల్ సంఘం, దోహా శాఖ మినిట్స్ పుస్తకాలు, ఫొటోలు, ఆహ్వాన పత్రాలు. శాఖకు యాభై ఏళ్ళు నిండుతున్నాయట. పాత ఫొటోలు కావాలని ఇప్పటి కార్యదర్శి, ముప్ఫై ఏళ్ళ ఇంజనీరు, పొద్దున ఫోన్ చేశాడు. వెతికి పెడతాను, మధ్యాహ్నం మళ్ళీ చెయ్యమన్నాను. పెట్టె తెరవడమే పొరపాటైంది. కోపం చల్లారిందనుకున్నాను ఇన్నాళ్ళూ. పై ఫొటో చేతిలోకి తీసుకోగానే మళ్ళీ చెవులు వేడెక్కాయి.

ఈ కోపం నాకు మూర్తిగారిచ్చింది. ఆయన మా హాస్టల్లో నాకంటే చాలా ముందు చదివినవారు, కాకినాడ వైపు మనిషి, దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో ఎస్టిమేటరు. ముక్కు మీద కోపం. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు కలాలు, ఒకటి రాయడానికి, ఒకటి ఎదుటివాడు రాసింది కొట్టెయ్యడానికి. నేను ఉద్యోగానికి దోహాలో దిగిన మొదటి శుక్రవారమే అల్ దోహా అల్ జదీదాలో ఆయన ఉండే పాత ఇంటికి భోజనానికి వెళ్ళాను. చాపలు పరిచి కంచాలు వేశారు. ఆకలి మీదున్నాను, అప్పడం విరిచాను. మూర్తిగారు నా చేతి మీద ఒక్కటిచ్చారు.

"చదవలేదింకా. ఏ హాస్టల్ నీది?" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. మా హాస్టల్ మెస్‌లో ఆదివారం భోజనానికి ముందు మెస్ కార్యదర్శి నిలబడి, గత సమావేశం మినిట్స్, అంటే ఎవరేమన్నారో రాసుకున్నది, చదివేవాడు. చదవడం పూర్తయ్యేదాకా వడ్డించేవాళ్ళు గరిటె ఎత్తేవారు కాదు. ఊరు కాని ఊళ్ళో, ఎడారిలో, ఆ పద్ధతి నడుస్తోంది. దాన్ని అక్కడికి తెచ్చింది మూర్తిగారు కూడా కాదు, రాజయ్య.

రాజయ్య జగిత్యాల దగ్గరి మనిషి. మా నాలుగో హాస్టల్ మెస్‌లో ఏళ్ళపాటు వండి వడ్డించినవాడు. గల్ఫ్‌కొచ్చి అల్ షహానియా దారిలో ఒక కంపెనీ క్యాంపులో వంట చేస్తుండేవాడు. వాళ్ళ ఊరివాళ్ళకు గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. ఒకనాడు కూరగాయల కొట్లో ముదిరిన బెండకాయలు విరిచి చూపిస్తూ కొట్టువాణ్ణి తెలుగులో తిడుతుంటే, ఆ గొంతు పట్టి మూర్తిగారు పోల్చుకున్నారట. వచ్చే శుక్రవారం ఇంటికి రమ్మన్నారు. అక్కడ మరో ముగ్గురు హాస్టల్ వాళ్ళున్నారు. రాజయ్య వండాడు, అందరూ కంచాల ముందు కూర్చున్నారు. అతను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"చదువుండ్రి సార్. చదువకముందు ఎన్నడన్న పెట్టిన్నా?" అన్నాడట.

చదవడానికి ఏమీ లేదు కాబట్టి మూర్తిగారు అప్పటికప్పుడు ఒక పుస్తకం తెరిచి మొదటి సమావేశం రాసి చదివారు. శాఖ పుట్టుక అది. నాలుగో హాస్టల్ మెస్‌లో కూర్చుని తిన్నవాడూ, నిలబడి వడ్డించినవాడూ ఇద్దరూ సభ్యులేనని అందులో తీర్మానం. కింద ఐదుగురి సంతకాలు. ఆ రోజు తీసిన ఫొటోలో నలుగురు కూర్చున్నారు, కుడి చివర రాజయ్య గరిటెతో నిలబడ్డాడు.

కొన్నాళ్ళకు మినిట్స్ రాసే పని మూర్తిగారు నాకు అంటగట్టారు. ఒక శుక్రవారం చందాల మీద ఇద్దరు సభ్యులు అరుచుకుని, ఒకాయన కంచం తోసేసి వెళ్ళిపోయాడు. "సభ్యులు సుహృద్భావంతో చర్చించారు" అని రాశాను. మూర్తిగారు రెండో కలం తీశారు.

"ఆయన కంచం తోశాడా లేదా?"

"తోశాడండీ."

"అది రాయి. జరిగింది రాయమన్నాను గానీ శుభలేఖ రాయమన్లేదు."

"చదివేటప్పుడు ఆయనుంటాడు కదండీ, బాగుండదేమో."

"ఉంటాడనే చదివేది. లేకపోతే ఎందుకు శ్రీధరూ, దండగ."

చమురు ధర పెరుగుతున్న ఏళ్ళవి. ఎటు చూసినా క్రేన్లు, సిమెంటు ధూళి. కొత్త కంపెనీలు, కొత్త జీతాలు, అల్ సద్‌లో కొత్త ఫ్లాట్లు. సంసారాలు దిగాయి. చాపలు పోయి కుర్చీలొచ్చాయి, శుక్రవారం భోజనం పోయి ఏడాదికొక వేడుక వచ్చింది. ఒక పెద్ద కంపెనీలో మేనేజరు చలపతిరావు అధ్యక్షుడయ్యాడు. మంచి మాటకారి. రాజయ్య ఎదురైతే భుజం తట్టి, "ఏం రాజయ్యా, మీ సాంబారు మర్చిపోలేం" అనేవాడు. భుజం తట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండడం అప్పటి నుంచే.

శాఖ చరిత్ర రాసి ప్రత్యేక సంచిక వెయ్యాలన్నారు. మూర్తిగారు చెబుతుంటే నేను రాశాను. ఆ ఏటి వేడుకలో స్థాపకులకు శాలువాలు కప్పాలని తీర్మానం కూడా అయింది. స్థాపకుల్లో అప్పటికి ఖతర్‌లో మిగిలింది మూర్తిగారూ రాజయ్యే. వంట ఎవరిదన్న ప్రశ్న వస్తే, మన పండుగకు బయటివాళ్ళెందుకని రాజయ్యే తనంతట తాను పూనుకున్నాడు.

వేడుక శుక్రవారం మధ్యాహ్నం, అల్ సద్‌లో ఒక హాల్లో. సంచికలు ఆ పొద్దునే ఊరి నుంచి అచ్చయి వచ్చాయి. ఒకటి పట్టుకుని వంటగదిలోకి వెళ్ళాను. మేకుకి రాజయ్య ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది, శాలువా వేళకు తొడుక్కోవడానికి. చేతులు తుడుచుకుని సంచిక తెరిచాడు. చాలాసేపు చూశాడు.

"సార్, గీ ఫొటోల నా గరిటె ఉన్నది. నేనేడున్న?"

ఫొటో కుడి అంచు కత్తిరించారు. నలుగురూ ఉన్నారు, పక్క నుంచి గరిటె ఒక్కటే పొడుచుకొచ్చింది. చరిత్రలో "నలుగురు ఇంజనీర్లు స్థాపించిన సంఘం" అని ఉంది. మేం రాసింది కాదు.

మూర్తిగారు సంచిక చుట్టి పట్టుకుని చలపతిరావు ముందు నిలబడ్డారు. చలపతిరావు గొంతు తగ్గించి చెప్పాడు: "పూర్వ విద్యార్థుల సంఘమంటే విద్యార్థులుండాలి కదండీ. ఎంబసీ నుంచి అతిథి వస్తున్నారు. వంటవాణ్ణి స్థాపకుడంటే బాగుంటుందా, మీరే చెప్పండి."

"వాడి చేతి కూడు తిన్నప్పుడు బాగుందా?"

"అది వేరు, ఇది వేరు."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. వీళ్ళు అదే తెప్ప మీద కూర్చుని తగలేశారు. అతిథి వచ్చాడు, ప్రసంగాలయ్యాయి. శాలువాకి మూర్తిగారి పేరు పిలిస్తే ఆయన లేవలేదు. ఆఖర్న చలపతిరావు మైకులో భోజనాలకు రమ్మన్నాడు. అందరూ కంచాలు పట్టుకుని బల్లల దగ్గరికి వెళ్ళారు. గిన్నెలన్నింటి మీదా మూతలున్నాయి. వాటి వెనక రాజయ్య ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు.

"మినిట్స్ చదువలే సార్."

"ఇవాళ అవన్నీ మాఫీ రాజయ్యా. యల్లా, వడ్డించు."

"చదువకుంటే గరిటె లెవ్వది."

అరవలేదు. మా మెస్‌లో ఆదివారం అన్నట్టే అన్నాడు. అతిథి ఏమిటి సంగతని అడిగాడు. చలపతిరావుకి నవ్వక తప్పలేదు, చదవనివ్వక తప్పలేదు. మూర్తిగారు సంచిలోంచి మొదటి పుస్తకం తీసి, మైకు లేకుండా, మొదటి సమావేశం మొత్తం చదివారు. కూర్చుని తిన్నవాడూ, నిలబడి వడ్డించినవాడూ అన్నచోట ఆగి, మళ్ళీ చదివారు. ఐదు సంతకాలూ చదివారు. రాజయ్య మూతలు తీసి అందరికీ వడ్డించాడు. చివర తానూ కుర్చీలో కూర్చున్నాడు. మూర్తిగారు గరిటె అందుకుని అతనికి వడ్డించారు. నా జీవితంలో అంత గర్వంగా భోంచేసింది లేదు.

ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు. నెల తిరక్కుండానే రాజయ్య వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తున్నారని కబురొచ్చింది. అతని కంపెనీకి పనులిచ్చేది చలపతిరావు కంపెనీయే. మూర్తిగారూ నేనూ క్యాంపుకి పరుగెత్తాం. తిరగని ఆఫీసు లేదు. రాజయ్య మంచం మీద సామాను సర్దుకుంటున్నాడు.

"దుబాయ్‌ల ఏం జేస్తె పంపిన్రని ఇంటికాడ అడుగుతరు. ఏం జెప్పాలె సార్?"

మూర్తిగారు తల వంచుకుని అతని చొక్కాలు మడతపెట్టసాగారు. ఆయన తల వంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాతి సమావేశంలో ఆయన సూటిగా అడిగారు. చలపతిరావు కాఫీ కప్పు కింద పెట్టి, "నేను ఒక్క ఫోన్ చేశాను, అంతే. పంపెయ్యమని చెప్పలేదే" అన్నాడు. గదిలో పాతికమంది ఇంజనీర్లున్నారు. ఒక్కడు నోరు తెరవలేదు. అందరూ రాజయ్య అన్నం తిన్నవాళ్ళే. వాళ్ళ మీద నాకున్న కోపం చలపతిరావు మీద కూడా లేదు.

"రాయి శ్రీధరూ," అన్నారు మూర్తిగారు. "అధ్యక్షులవారు ఒక్క ఫోన్ చేశారు. వ్యవస్థాపక సభ్యుడు రాజయ్యను కంపెనీ పంపేసింది. సభ్యులెవరూ మాట్లాడలేదు."

రాశాను, సంతకం పెట్టాను. ఆ పేజీ చించెయ్యాలని తీర్మానించారు. మూర్తిగారు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, పెట్టె చంకనెత్తుకుని బయటికి నడిచారు. ఆయన వెనక నేనూ నడిచాను. ఖతర్ వదిలి వచ్చేసేటప్పుడు ఆయన ఆ పెట్టె నాకిచ్చారు. "ఎవరడిగినా ఇయ్యి, దాచుకోకు. కానీ చదివాకే ఇయ్యి" అన్నారు. ఇప్పుడాయన లేరు. రాజయ్య కోసం రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు.

మధ్యాహ్నం మా ఆవిడ కంచం పెట్టిన వేళకే ఫోన్ మోగింది. ఫొటో తీసి పంపాను. కుర్రాడు చూసి సంబరపడ్డాడు. "సూపర్ అంకుల్. ఆ చివర గరిటె పట్టుకున్నాయన్ని కట్ చేస్తే స్క్రీన్ మీద చక్కగా సరిపోతుంది."

చెవులు మళ్ళీ వేడెక్కాయి. అరిచేవాణ్ణే. వీడికేం తెలుసు, వీడికెవరు చదివారు?

"కాగితం, కలం ఉన్నాయా?" అన్నాను.

"ఫోన్లో టైప్ చేస్తాను అంకుల్."

"కాగితం తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. మొదటి సమావేశం నుంచి ఒక్క ఫోన్ దాకా చెప్పాను. మా ఆవిడ రెండుసార్లు తొంగి చూసింది, కంచం మీద మూత పెట్టింది. అవతల కలం చప్పుడు వినిపిస్తోంది. అయ్యాక కలం కింద పెట్టిన చప్పుడైంది.

"అంకుల్, ఇది... ఇప్పుడేం చెయ్యమంటారు?"

"రాసింది చదువు."

అతను చదివాడు. రాజయ్య పేరు దగ్గర తడబడ్డాడు, మళ్ళీ చదవమన్నాను, చదివాడు. అప్పుడు కంచం మీద మూత తీశాను.