మూడోసారి అడగని గ్రెగ్

మర్యాద వల్ల మనిషి చెడతాడా అని మీకు అనుమానం ఉంటే నన్ను చూడండి. తొమ్మిదేళ్ళ కిందట, ఒకే ఒక్క మధ్యాహ్నం, ఎవరి సాయమూ లేకుండా నా పదోన్నతిని నేనే గంగలో కలిపాను. అదీ ఖాళీ కడుపుతో!

మాది భీమవరం పక్క. "ఎవరింటికెళ్ళినా పెట్టగానే తినెయ్యకురా, కరువులో పుట్టాడనుకుంటారు. మూడుసార్లు అడిగించుకో" అని మా అమ్మ నూరిపోసింది. ఆ విద్యతోనే మెల్‌బోర్న్‌లో దిగి, ట్రుగనీనా అనే శివారులో ఇల్లు కట్టుకుని, టీమ్ లీడ్ పదవి కోసం మూడేళ్ళు కాచుక్కూర్చున్నాను.

ఒక శుక్రవారం మా మేనేజర్ గ్రెగ్, నన్నూ, నా తరవాత చేరిన హైదరాబాదు కిరణ్‌నూ ఒక పల్లెటూరి పబ్‌లో లంచ్‌కు రమ్మన్నాడు.

"ఇవాళ లీడ్ సంగతి తేల్చేస్తాడేమోనండీ, జాగ్రత్తగా మాట్లాడండి" అంది మా ఆవిడ.

"ఆయ్, మాట్లాడ్డం నాకు నేర్పుతావేంటే!" అన్నాను.

గంటన్నర కారులో వెళ్ళాం. గొర్రెల పొలాల మధ్య చెక్క వసారా పబ్. వంటగదిలోంచి వేడి వేడి మాంసం వాసన. ఆ ఊళ్ళోనే కాచిన ఏల్ బీరు, గ్లాసుల్లో నురగలు కక్కుతోంది.

"ఇక్కడ ల్యాంబ్ పై అదిరిపోతుంది. చెప్పనా?" అన్నాడు గ్రెగ్. పై అంటే గొర్రె మాంసం కూరి కాల్చిన పెద్ద కజ్జికాయ లాంటిది లెండి.

"అబ్బే, వద్దొద్దు. తినే వచ్చాను." పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, మీకు చెబుతున్నాను కాబట్టి.

"నో వర్రీస్, మేట్!"

అదేమిటి? రెండోసారి అడగడేం?

"పోనీ ఏల్?"

"అయ్యో, మీకెందుకండీ శ్రమ!"

"నో వర్రీస్!"

కిరణ్ మాత్రం రెండింటికీ "యెస్ ప్లీజ్" అన్నాడు. సిగ్గులేని మనిషి అనుకున్నాను. మొహమాటానికి పోతే కడుపొచ్చిందంటారు, నాకు మాత్రం కడుపు మాడింది.

గ్రెగ్ గ్లాసు కింద పెట్టి నావైపు తిరిగాడు. "టీమ్ లీడ్ నీకే ఇద్దామనుకుంటున్నాను. చేస్తావా?"

నా గుండె ఎగిరి గంతేసింది. కానీ నోరుందే, అది మా అమ్మ పెంచిన నోరు.

"అబ్బే, నేనెంతవాణ్ణండీ! నాకన్నా సమర్థులు బోలెడుమంది ఉన్నారు" అని తల వంచుకుని, రెండో పిలుపు కోసం చెవులు రిక్కించాను.

"ఎంత నిజాయితీ! గుడ్ ఆన్ యూ. నో వర్రీస్" అన్నాడు గ్రెగ్. "కిరణ్, మరి నువ్వు?"

"యెస్ ప్లీజ్!" నోట్లో పై ఉండగానే అనేశాడు.

నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆ కిరణ్‌కే తొమ్మిదేళ్ళుగా సెలవు చీటీలు పెట్టుకుంటున్నాను.

మర్యాద పోతే పోయిందని లేచి బార్ దగ్గరికి వెళ్ళి పై అడిగాను. "రెండు గంటలకే కిచెన్ మూసేశాం, లవ్" అంది అక్కడి పెద్దావిడ.

ముఖం వేలాడేసుకుని వచ్చి కూర్చున్నాను. కిరణ్ పళ్ళెంలో సగం పై మిగిలుంది.

"అన్నా, తింటవా?"

పోనీలే, మనవాడు, మన పద్ధతి తెలిసినవాడు అనుకుని, "వద్దులేవయ్యా, నువ్వు తిను" అన్నాను.

"నో వర్రీస్, అన్నా" అని మొత్తం తినేశాడు.

అందుకే భీమవరం మావుళ్ళమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇక ఈ జన్మలో నా నోట "వద్దు" అన్న మాట రాదు. మీరెవరైనా భోజనానికి పిలవాలనుకుంటే ఒక్కసారి పిలవండి చాలు. మీరు ఫోన్ పెట్టేసేలోపు మీ గుమ్మంలో ఉంటాను.