బెల్లం గీసిన గీతలు

ఆ శనివారం పొద్దున్న పది గంటలలోపు ఇసాక్ పదిహేడు మంది నాడి చూశాడు. డాక్టరుగారు ఒక్కరి సంగతీ అడగలేదు.

అనకాపల్లిలో సత్యరాజు డాక్టరుగారి దగ్గర ఇసాక్ ఇరవై రెండేళ్లుగా కాంపౌండరు. ఎవరైనా రొమ్ము పట్టుకుని వస్తే "ఇసాకూ, నాడెలా ఉంది?" అన్నదే ఆయన మొదటి మాట. 1966 వేసవిలో ఆసుపత్రికి ఈసీజీ యంత్రం వచ్చింది. గడియారాలు బాగుచేసే హిదాయతుల్లా కొడుకు రహమాన్ విశాఖపట్నం వెళ్లి రెండు నెలలు దాని పని నేర్చుకుని వచ్చాడు. అప్పటినుంచి ఆయన "రహమాన్, కాగితం ఏమంటోంది?" అంటున్నారు. పైగా కాగితం చదివేటప్పుడు అతన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటున్నారు. ఇసాక్ ఆ కుర్చీని తుడిచాడే గాని ఏనాడూ అందులో కూర్చోలేదు. ఇంట్లో భార్య శాంతమ్మ ఆ యంత్రం మాట ఎత్తితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

ఆ రోజు పదిన్నరకి బెల్లం మార్కెట్ నుంచి అప్పలరాజు అనే కలాసీని రిక్షాలో తెచ్చారు. దిమ్మలు మోస్తూ రొమ్ము నొప్పితో కూలబడ్డాడట. ఒళ్లంతా చెమట.

"మా ఆయనకి ఏటైపోనాది బాబూ?" అంది వెనకే వచ్చిన భార్య మరిడమ్మ.

"ఆ యంత్రాన్నడుగు. మాకేటి తెలుసు," అన్నాడు ఇసాక్.

రహమాన్ రోగి మణికట్లకీ కాళ్లకీ రేకులు పెట్టి రబ్బరు పట్టీలు బిగించాడు. కాగితం మీద గీత తీరూ తెన్నూ లేకుండా గిజగిజలాడుతూ వచ్చింది. డాక్టరుగారు లోపల కాన్పు చేస్తున్నారు. రహమాన్ గుమ్మంలో నిలబడి కాగితం ఎత్తి చూపించాడు.

"లయ తప్పిందండీ. ఫిబ్రిలేషన్‌లా ఉంది."

తొడుగుల చేతులతో ఆయన అక్కణ్నుంచే చూశారు. "అలాగే ఉంది. ఇసాకూ, డిగాక్సిన్ ఎక్కించు. ఐదు నిమిషాల్లో వస్తాను."

సూది వెయ్యడానికి మాత్రం ఇంకా ఇసాకే కావాలి.

మందు సిరంజిలోకి తీసి, పట్టీ విప్పి రోగి చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు అలవాటుగా నాడి మీదికి వెళ్లాయి. నిమిషానికి డెబ్బై ఆరు, ఒక్క దెబ్బ తప్పలేదు. వేళ్లు తియ్యబోతే అంటుకుని వచ్చాయి. బెల్లం. చెమటకి కరిగి రేకు కింద పాకంలా పేరుకుంది. రేకు చర్మానికి ఆనితే గదా గీత సరిగ్గా రావడానికి.

ఆ సంగతి వెంటనే చెప్పలేదు. కాగితం చదివింది రహమాన్. మందు చెప్పింది డాక్టరుగారు. లయ సరిగ్గా ఉన్నవాడికి ఈ మందు పడి నాడి కుంగితే ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందో ఇసాక్‌కి తెలుసు. ముప్ఫై దెబ్బలు లెక్కపెట్టాడు. మరిడమ్మ మొగుడి పాదాలు రాస్తూ సూదికేసే చూస్తోంది.

ఇసాక్ సిరంజి పళ్లెంలో పెట్టేశాడు.

"బాబూ," అన్నాడు, లోపల డాక్టరుగారికి వినపడేలా. "ఈ గీతలు గుండెవి కావు, బెల్లానివి. నాడి గడియారంలా కొట్టుకుంతంది."

రహమాన్ కాగితం కిందికి దించాడు. "నాకు తట్టలేదు మామా."

"నీకెలా తడతాది? రెండు నెలల సదువు. గేసు నొప్పికి ఇంత హడావిడేటి? సోడా పట్టించి ఇంటికి పంపేద్దుం."

వేడినీళ్లు తెచ్చి చేతులూ కాళ్లూ తనే కడిగాడు. రహమాన్ మళ్లీ రేకులు పెట్టాడు. ఆ కాసేపూ ఇసాక్‌కి కడుపు నిండినట్టుంది.

డాక్టరుగారు వచ్చేసరికి రెండో కాగితం సిద్ధంగా ఉంది. దెబ్బలన్నీ వరస తప్పకుండా ఉన్నాయి. ఆయన మాత్రం ప్రతి దెబ్బ తర్వాతా గీత కిందికి దిగకుండా గుడారంలా లేచి ఉన్నచోట వేలు పెట్టారు.

"గుండెపోటు. మనిషిని కదపొద్దు. నొప్పికి పెథిడిన్, ఆక్సిజన్. మూడు వారాలు మంచం దిగకూడదు."

"నాడి బాగానే ఉంది గదండీ?" అన్నాడు ఇసాక్.

"నాడి బాగుంటుంది ఇసాకూ. గుండెలో ఒక ముక్కకి రక్తం అందట్లేదు. అది నాడిలో తెలీదు. సోడా పట్టించి పంపితే దారిలోనే పోయేవాడు." ఆ మాట అని రహమాన్‌కేసి తిరిగారు. "కూర్చో. ఇది ఫైల్లో పెడదాం."

రహమాన్ కూర్చున్నాడు. ఇసాక్ పళ్లెంలో మిగిలిపోయిన డిగాక్సిన్ పారబోశాడు.

ఇరవై రెండో రోజున అప్పలరాజు నడిచి ఇంటికి వెళ్లాడు. ఆ ఏడాది ఆఖరుకి ఆసుపత్రిలో నూట నలభై రెండు ఈసీజీలు తీశారు. ఆ శనివారం తర్వాత ప్రతి ఒక్కరి చేతులూ ముందు వేడినీళ్లతో కడిగింది ఇసాకే.