బూట్లలోంచి తీసిన గుడ్డలు

నడక గురించి రాసినవాళ్లు లోకంలో కోకొల్లలు. కొండలెక్కినవాళ్లు, ఎడారులు దాటినవాళ్లు, పనిలేక వీధులు కొలిచినవాళ్లు, అందరూ దారి గురించే రాశారు. చెప్పు కరిచిన సంగతి ఏ ఒకరిద్దరో తప్ప రాయలేదు. కరిచే చెప్పు మరే ఆలోచననీ దగ్గరికి రానివ్వదని తెలిసి కూడా! ఈ మధ్య, ఆడవాళ్లకి బూట్లు కుట్టే బూట్లక్కని ఎక్కడో వేదికెక్కించి, "మిమ్మల్ని ఇంతదాకా నడిపించిన శక్తి ఏమిటి?" అని అడిగారు. ఆవిడ తన కాలివైపు చూసుకుని, "నా చిటికెన వేలండీ" అంది. జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ వేలిది పదకొండేళ్ల కథ. సీసాలు కడిగి నింపే ఫ్యాక్టరీలో ఆవిడ పనిచేసిన పదకొండేళ్లూ కంపెనీ ఇచ్చిన బూట్లు మగవాళ్లవే. నేలంతా తడి, గాజుపెంకులు. బూట్లు లేకుండా లోపలికి రానివ్వరు. ఆడవాళ్లందరూ వేళ్ల దగ్గర పాతగుడ్డలు కుక్కుకుని బాతుల్లా నడిచేవాళ్లు. గుడ్డ ఒరుసుకుని ఒరుసుకుని ఆవిడ చిటికెన వేలికి ఆనెకాయ కాసింది. ఒకరోజు మెట్ల మీద బూటు కాలినొదిలి తన దారిన తాను పోతే, ఆవిడా సీసాల పెట్టే కలిసి కిందిదాకా దొర్లారు.

స్టోరు ఆఫీసరు పరుగున వచ్చాడు. ముందు సీసాల్ని చూశాడు, తరవాత మనిషిని.

"చూసుకుని నడవాలమ్మా!"

"కళ్లు బాగానే ఉన్నాయి సార్. బూట్లే నావి కావు. ఆడవాళ్ల సైజులు తెప్పించకూడదూ?"

"అవెవరూ తయారుచెయ్యరమ్మా. చేస్తే తెప్పించనా?"

"అయితే నేను చేస్తాను."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. బూట్లక్క అన్న పేరు ఆ నవ్వులోనే పుట్టింది.

ఉక్రోషం ఎవరికైనా రెండు రోజుల్లో చల్లారుతుంది. ఆవిడది చల్లారలేదు. రెండేళ్లపాటు సెలవురోజులన్నీ ఒక ముసలి బూట్ల మేస్త్రి దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. ఆ తరవాత ఉద్యోగం మానేసి, తోలు కుట్టే పాత మిషను ఒకటి అద్దెకి తెచ్చి ముందుగదిలో దింపింది. తోలు వాసన అన్నంలోకి కూడా వస్తోందని సణుగుతూనే అత్తగారు దారాలు కత్తిరించిపెట్టేది.

బూటు కుట్టాలంటే ముందు చెక్కతో చేసిన పాదం కావాలి. దాని మీదే తోలు బిగిస్తారు. బూట్లక్క బజారులో దొరికిన మగవాళ్ల చెక్కపాదాలు కొని, నాలుగువైపులా చిత్రిక పట్టి చిన్నవి చేసింది. మొదటి జత అత్తగారికి తొడిగింది. పెద్దావిడ వంటింటి దాకా వెళ్లి, గోడ పట్టుకుని తిరిగొచ్చింది.

"ఏంటత్తా, ఎలా ఉన్నాయి?"

"ముందు పీక నొక్కినట్టుంది, వెనక బకెట్లో కాలు పెట్టినట్టుంది. మగాడి పాదం చెక్కితే ఆడదాని పాదం అయిపోతుందటే?"

బూట్లక్క ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు కాయితాలు, పెన్సిలు పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర చతికిలబడి, షిఫ్టు దిగినవాళ్లని ఒక్కొక్కళ్లనీ ఆపి పాదాలు గీసింది. "చక్కిలిగిలి పెడుతున్నావక్కా!" అని గోల. అరవై ముగ్గురి పాదాలు. ఇంటికెళ్లి పరిచి చూస్తే సంగతి బోధపడింది: వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. చెక్కపాదాలు మొదటినుంచీ మళ్లీ చెక్కించింది.

స్టోరు ఆఫీసరు ఆవిడ తెచ్చిన కొత్త బూట్లని తిప్పితిప్పి చూశాడు. "ముప్ఫై జతలు ఇవ్వు. ముప్ఫై మంది పదిహేను రోజులు తొడుక్కుని పనిచేస్తారు. పదహారో రోజు అన్నీ ఈ పెట్టెలో పడాలి. అరుగుదల చూసి చెప్తాను. ఇంకో అవకాశం ఉండదు." ఆయన వద్దంటే మిషను తిప్పి పంపేసి, బూట్లలో మళ్లీ గుడ్డలు కుక్కుకుని సీసాల దగ్గర నిలబడాల్సిందే.

పదహారో రోజు బూట్లక్క స్టోరు కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. గంట మోగింది. మొదటి ఆవిడ పెట్టెని దాటుకుని వెళ్లిపోయింది. రెండో ఆవిడా అంతే.

"ఏమ్మా, బూట్లు విప్పాలి!" కిటికీలోంచి ఆఫీసరు కేకేశాడు.

"విప్పితే ఇంటికెలా వెళ్లను సార్?"

"మీ పాతవి ఉన్నాయిగా?"

"మీ గదిలోనే పెట్టాం సార్. మీరే వేసుకోండి, మీ సైజే."

వరసలో అందరికంటే పెద్దావిడ ముందుకొచ్చి, కొంగు ముడిలోంచి నలిగి నల్లబడ్డ గుడ్డల ఉండ తీసి పెట్టెలో వేసింది. "మేం తిరిగిచ్చేవి ఇవే సార్." వెనకున్నామె తనవీ వేసింది. ఆ వెనకామె కూడా. చూస్తూండగానే పెట్టె నిండి, గుడ్డలు నేల మీదికి జారాయి. ముప్ఫై జతల బూట్లూ టకటకమంటూ, ఒక్క అడుగూ తడబడకుండా, మెట్లు దిగిపోయాయి.

ఆఫీసరు వంగి, జారిన గుడ్డల్ని ఏరి పెట్టెలో వేశాడు. బూట్లక్క వైపు తిరిగి, "మిగతా నూటపది మందికి ఎన్నాళ్లలో ఇస్తావమ్మా?" అన్నాడు.

బూట్లక్క అప్పటికే చేతిసంచీలోంచి పెన్సిలు తీసింది.

"ముందు పాదాలు గియ్యనివ్వండి సార్."