చారెడు నీళ్ళు ఎక్కువ

సైన్సు చదువును మార్చానని సభల్లో నన్ను పొగుడుతుంటారు. నేను చేసింది బేరం.

పందొమ్మిదివందల యాభైలలో ఉద్దానంలోని ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. అక్కడ ప్రయోగమంటే మాస్టరు చేసేది. పిల్లలు చేతులు కట్టుకుని చూసేది. పిల్లల చేతే చేయిస్తాను, వారానికి అయిదు పీరియడ్లు కావాలని హెడ్మాస్టరు గారిని అడిగాను. నాకు కావలసింది ఒకటే. కానీ టెక్కలిలో మా నాన్న కిరాణా దుకాణంలో పెరిగినవాణ్ణి. కావలసినంతే అడగడం మా ఇంట్లో బుద్ధితక్కువ కింద లెక్క.

"ఇనస్పెక్టరు గారొస్తన్నారు. ఆయన ఔనంటే ఒక పీరియడు. కాదంటే ఇంక ఈ ఊసెత్తకండి మాస్టారూ," అన్నారాయన.

బడిలో సామాన్లు లేవు. నాన్న దగ్గర్నుంచి పాత తక్కెడ తెచ్చాను. ఒక పళ్ళెంలో ఖాళీ కొబ్బరి చిప్ప పెట్టి, దాని కింద రాయి వేలాడదీసి, రెండోవైపు తూకపురాళ్ళతో సరిచేయాలి. రాయిని నిండు చెంబులో ముంచితే ఆ వైపు తేలికై లేస్తుంది. పొర్లిన నీళ్ళు పట్టి చిప్పలో పోస్తే దండె మళ్ళీ సమానమవాలి. నీళ్ళలో రాయి పోగొట్టుకున్న బరువూ, అది తోసిన నీళ్ళ బరువూ ఒకటే అన్నమాట. రోజూ సాధన చేయించాను.

ఇన్‌స్పెక్టరు గారి ముందు తక్కెడ పట్టినవాడు బారువ ఊరి జాలరి కుర్రాడు. వాళ్ళమ్మ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. రాయి ముంచాడు. పొర్లిన నీళ్ళు చిప్పలో పోశాడు. దండె సమానమైంది. నేను ఊపిరి వదిలేలోగా పక్కనున్న నీళ్ళ బాల్చీలోంచి ఇంకో చారెడు తీసి చిప్పలో వేశాడు. పళ్ళెం దిగిపోయింది.

"ఏమిటది?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"కొసరండి."

"ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవులూ అన్నేదండి. కొసరెయ్యకపోతే ఎలాగండి?"

వెనక నుంచి ఇంకొకడు, "మా మాస్టారు కూడా కొసరేస్తారండి!" అని సాయం చేశాడు.

నిజమే. పళ్ళెం కాస్త దిగితేనే తూకం సరిపోయినట్టు మా అందరి కళ్ళకీ. హెడ్మాస్టరు గారు నాకేసి చూసిన చూపుతో నా పీరియడు పోయిందనుకున్నాను.

"కొసరు మానేసి మళ్ళీ చెయ్యి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

చేశాడు. దండె సమానంగా ఆగింది. కుర్రాడు మాత్రం ఎవరికో అన్యాయం చేసినవాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇందాక ఎందుకు తప్పింది?"

"ఎక్కువేసీసానండి. అవి రాయి తోసిన నీళ్ళు కాదు గదండీ."

ఇన్‌స్పెక్టరు గారు హెడ్మాస్టరు గారివైపు తిరిగారు. "నేను చూసిన బళ్ళలో ఈ తప్పు ఏ పిల్లాడూ చెయ్యలేదండి. చెయ్యడానికి వాళ్ళ చేతికి తక్కెడ ఇస్తే కదా."

"శనివారం ఆఖరి పీరియడు," అన్నారు హెడ్మాస్టరు గారు నాతో.

ఆ పూట సగంమంది బడిలో ఉండరు. అయినా బేరమాడకుండా ఒప్పేసుకున్నాను. పిల్లలు అప్పటికే తక్కెడకి ఇంకో రాయి కడుతున్నారు.