గేటు బయటి పూజ

మా వరంగల్‌లో పొద్దున పూజకు గంట కొట్టే వేళకు నేను మా క్యాథలిక్ గుడిలో ఆడవాళ్ల వైపు ముందు చాప మీద ఉండేదాన్ని. ఆ చాప నాదని ఎవరూ రాసివ్వలేదు గానీ, ఇంకొకరు కూర్చుంటే నా ముఖం చూసి వాళ్లే జరిగేవాళ్లు. పుణ్యాత్మురాలిని కావాలని నాకు అంత ఆత్రం. శుక్రవారం ఒక్కపొద్దు, రోజూ జపమాల, నెలనెలా ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం. సంతోషం కూడా అక్కడే, ఆ పీఠం దగ్గరే దొరుకుతుందనుకున్నాను. ఇంట్లో దొరికేది ఉత్త పని అని నా లెక్క.

నన్ను అక్కడికి తెచ్చేది మా ఆయన. ఆయన హిందువు, నెక్కొండ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇక్కడ మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు ఉండేది. చలికాలంలో కూడా మఫ్లర్ చుట్టుకుని స్కూటర్ తీసేవాడు. నన్ను గేటు దగ్గర దింపి, పూజ అయ్యేదాకా అక్కడే నిలబడేవాడు. ఎవరైనా అడిగితే, "మా ఇంటామె స్వర్గానికి పోతాంది, నేను డ్రైవర్ను" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "దేవునితోని పరాచికాలా?" అంటే, "దేవునితోని కాదే, నీతోని" అని నవ్వేవాడు.

ఆయనను లోపలికి రమ్మని నేను ఏనాడూ అనలేదు. దానికో కారణం ఉంది. పెళ్లికి ముందు మా అత్తమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "బిడ్డా, నీ దేవుణ్ణి నువ్వు మొక్కు, నేను అడ్డం రాను. నా కొడుకును మాత్రం మీ గుడికి గుంజకు" అన్నది. సరే అత్తమ్మా అన్నాను. ఆమె తన మాట మీద నిలబడింది, క్రిస్మస్‌కు నాకు కొత్త చీర తెచ్చేది ఆమే. నేనూ నా మాట మీద నిలబడ్డాను. ఆమె పోయాక కూడా నిలబడ్డాను, పోయినవాళ్లకు ఇచ్చిన మాట ఇంకా గట్టిది కదా అని. గుంజడం వేరు, పిలవడం వేరు. నా మట్టిబుర్రకు ఆ తేడా తట్టలేదు.

ఒక ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో నాకు జ్వరం పట్టుకుంది. కీళ్లన్నీ పట్టేసి మంచం దిగలేకపోయాను. పూజ పోయిందని ఏడుపు. పడుకునే పరలోక జపం మొదలుపెట్టాను. సగంలో దగ్గు తెర వచ్చి ఆగిపోయాను. వంటింట్లో చాయ్ కాస్తున్న మా ఆయన ఆగిన చోటు నుంచి అందుకుని చివరిదాకా చెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు. ఆ వెంటనే మంగళవార్త జపం కూడా చెప్పాడు.

"ఏడ నేర్చుకున్నవ్?" అన్నాను.

"గేటు కాడ. మైకుల ఇనబడ్తది గద."

"మరి లోపటికి ఎందుకు రాలే ఇన్నొద్దులు?"

ఆయన చాయ్ వడగడుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు పిలువలే. పిలవని పేరంటానికి ఎట్ల వస్తరు? మన లగ్గం గూడ గుడిల చెయ్యలే, పక్క అర్రల చేసిండ్రు. నాసొంటోడు లోపటికొస్తే నీకు పాపం తగులుతదేమో అనుకున్న."

నిజమే. ఆయన వేరే మతం కాబట్టి బిషప్పు గారి అనుమతి తీసుకుని, ఫాదర్ మా పెళ్లి గుడి పక్క గదిలో జరిపించారు. నేను దాన్ని ఎప్పుడో మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు.

అప్పుడు అత్తమ్మకు ఇచ్చిన మాట సంగతి చెప్పాను. ఆయన కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "మా అవ్వ మంచిదే, నువ్వు మంచిదానివే, నేను మంచోణ్ణే. ఏం ఫాయిదా?" అన్నాడు.

"మట్టల ఆదివారం నాతోని రా."

"ఇది పిలుపేనా?"

"పిలుపే."

తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేయించి తెచ్చుకున్నాడు. మగవాళ్లు ఏ వైపు కూర్చుంటారు, ఎప్పుడు లేవాలి, అందరూ సత్ప్రసాదం తీసుకోవడానికి పోతే జ్ఞానస్నానం లేని తనేం చేయాలి అని ఒకటే ప్రశ్నలు. "చేతులు కట్టుకొని పో, ఫాదర్ దీవిస్తడు" అన్నాను. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో ఉన్న సంతోషం నేను ముందు చాప మీద ఎన్నడూ ఎరగను.

ఆ ఆదివారం ఇంకా మూడు రోజులుందనగా, గురువారం షాపులో మోటార్ విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. ఆయన తమ్ముళ్లు ఊరికి తీసుకుపోయి వాళ్ల పద్ధతిలోనే సాగనంపారు. అది న్యాయమే, నేను కాదనలేదు. తెల్ల చొక్కా మాత్రం నేనే తొడిగించాను. ఆడవాళ్లు వల్లకాటికి రావద్దన్నారు. ఊరి చివర దారి పక్కన నిలబడ్డాను. వినడానికి అక్కడ మైకు కూడా లేదు.

ఇప్పుడు ఆటోలో పోతున్నాను పూజకు. ముందు చాప మీద ఎవరు కూర్చున్నా నాకు పట్టింపు లేదు. గేటు దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. "జర లోపటికొచ్చి కూసో బిడ్డా" అంటాను. కొందరు వస్తారు. కొందరు సిగ్గుపడి ఫోన్ చూసుకుంటారు.

మొన్న భార్యను దింపడానికి వచ్చిన ఒకతను నేను పిలవగానే బండికి స్టాండు వేశాడు. చెప్పులు విడుస్తూ, "మీ సారు రాలేదా అమ్మా?" అని అడిగాడు.

"పిలిచేసరికే ఆలస్యమైంది బిడ్డా" అన్నాను.